క్రేను మోసిన టీ గ్లాసులు

ఆ రోజుల్లో నాకొక మొండి నమ్మకం ఉండేది. లోకంలో ఊగే వస్తువు ఏదైనా సరే, దాన్ని ఒక మ్యాట్రిక్స్‌గా రాసుకోగలిగితే చాలు, ఊగకుండా నిలబెట్టేయవచ్చని. (ఊగే వస్తువుల్లో నేనూ ఒకదాన్నని అప్పటికి తట్టలేదు.) అలాగని ఇదేమీ పాతకాలపు ముచ్చట కాదు. మెట్రో రైళ్లు, చేతిలో ఫోన్లు, చలికాలం రాగానే ముక్కులకు మాస్కులు, అన్నీ ఉన్న కాలమే. అయినా ఇప్పుడు తలుచుకుంటే ఆ శీతాకాలమంతా ఒకే పొగరంగులో కనిపిస్తుంది. పొద్దున సూర్యుడు వెలిసిపోయిన బొట్టుబిళ్లలా పైకొచ్చి, సాయంత్రానికి అలాగే దిగిపోయేవాడు. మధ్యలో ఎండ అనేది ఎవరి వీపుకీ తగిలేది కాదు.

నేనప్పుడు దేశ రాజధానిలో, జియా సరాయ్ అనే ఇరుకు పేటలో ఉండేదాన్ని. కంట్రోల్ సిస్టమ్స్‌లో ఎం.టెక్. పూర్తయింది. తోటివాళ్లంతా ఒక్కొక్కరే సూట్‌కేసులు సర్దుకుని బెంగుళూరుకో హైదరాబాదుకో వెళ్లిపోయారు. నేనూ, నా కిటికీ లేని గదీ మిగిలాం. (కిటికీ ఉండేది, అబద్ధమెందుకు, తెరిస్తే పక్కింటి గోడ చేతికి తగిలేది.) ఇంటర్వ్యూకి వెళితే వాళ్లు "యాప్ రాయడం వచ్చా?" అని అడిగేవారు. నేను వేలాడే బరువులూ, వాటి ఐగెన్ విలువలూ అని మొదలుపెట్టేదాన్ని. వాళ్లు గడియారం చూసుకునేవారు. గదిలో నాతోపాటు కర్నూలు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతి ఉండేది. సివిల్స్‌కి చదువుతూ రోజూ కరోల్ బాగ్ కోచింగుకి వెళ్లివచ్చేది. రెండు రజాయిల కిందనుంచి తల మాత్రం బయటపెట్టి, "అక్కా, నీ ఐగెన్లకి ఈ దేశంలో పోస్టులున్నాయంటావా?" అని నిజంగా దిగులుగా అడిగేది. నాకూ అదే దిగులు.

ఈ ఐగెన్ విలువలు (తెలుగు పాఠ్యపుస్తకాల్లో లాక్షణిక విలువలంటారు గానీ, ఆ పేరుతో పిలిస్తే మా క్లాసులో తెలుగువాళ్లు కూడా తిరిగి చూసేవాళ్లు కాదు) బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక వస్తువు ఎలా కదులుతుందో మ్యాట్రిక్స్‌గా రాస్తే, దాని కడుపులో కొన్ని సంఖ్యలుంటాయి. అవన్నీ సున్నాకి ఎడమ పక్కన ఉంటే, కదిపిన వస్తువు కాసేపు ఊగి సద్దుమణుగుతుంది. ఒక్కటి కుడి పక్కకి వచ్చినా సరే, ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతూ పోతుంది. వస్తువుకి ఒక మోటారూ, ఒక చిన్న కంప్యూటరూ తగిలించి, ఆ సంఖ్యల్ని ఎడమ పక్కకి నెట్టడమే మా చదువు. (కొంచెం మోటుగా చెబుతున్నాను, లెక్కలు తెలిసినవాళ్లు క్షమించాలి.) ఇంత తెలిసిన పిల్లకి ఉద్యోగం ఎందుకు రాదో నాకు అర్థమయ్యేది కాదు.

చివరికి తెలుగువాళ్ల వనభోజనాల్లో కలిసిన ఒక అంకుల్ పుణ్యాన ఫరీదాబాద్‌లో ఉద్యోగం దొరికింది. ఫ్యాక్టరీలకి క్రేన్లు తయారుచేసే చిన్న కంపెనీ. షెడ్డు పైకప్పు కింద ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక దూలం, దాని మీద పరిగెత్తే ట్రాలీ, ట్రాలీ నుంచి ఇనుపతాడు, తాడు చివర కొక్కెం. ట్రాలీ కదిలి ఆగిందంటే కొక్కేనికి వేలాడే బరువు ఊగుతుంది. అది నిలిచేదాకా కింద మనుషులు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఆ ఊపుని ఆపే కంట్రోలర్ పెట్టె ఒకటి చేయడం నా పని. యజమానిని అందరూ బావూజీ అనేవారు. పెద్ద వయసు, మంకీ క్యాప్, ఎప్పుడూ చేతిలో ఒక తాళాలగుత్తి. కొత్త ఆర్డర్లు రావడం ఎప్పుడో తగ్గిపోయింది. ఆయన కొడుకు ఆ షెడ్డుని ఆన్‌లైన్ సరుకుల గోడౌనుకి ఇచ్చేద్దామని రోజూ పోరుతుండేవాడు. ఊగని క్రేను చేసి చూపిస్తే ఎవరో ఒకరు కొంటారనీ, షెడ్డులో మళ్లీ వెల్డింగ్ నిప్పురవ్వలు లేస్తాయనీ బావూజీ ఆశ. ఆ ఆశని తీసుకొచ్చి నా నెత్తిన పెట్టాడు.

అక్కడ ఇంకో తెలుగు మనిషి ఉన్నాడు. ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్. బొబ్బిలి వైపునుంచి ఎప్పుడో కుర్రతనంలో వచ్చి ఫరీదాబాద్‌లోనే నెత్తి నెరిసిపోయిన మనిషి. మొదట్లో బావూజీ పిల్లలకి లెక్కలు చెప్పాడట, అందుకని అందరికీ మాస్టర్‌జీ, నాకు మాస్టారు. ముందటేడే భార్య పోయింది. కూతురు పుణెలో. మధ్యాహ్నం చల్లారిన అన్నంలో చింతకాయ పచ్చడి కలుపుకుని, డబ్బా కేసి చూస్తూ తినేవాడు. ఆయన నోట్లో ఊతపదం ఒకటే.

నేను చేరిన రోజున నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఏటమ్మా, ఇంత సదువు సదివి ఈ షెడ్డులోకొచ్చేవేటి?" అన్నాడు.

"ఉద్యోగం కోసం మాస్టారూ."

"అవ్వదమ్మా."

"వచ్చేసింది కదండీ!"

"వచ్చింది. ఉండడం అవ్వదు."

ఆయన దేనికైనా అంతే. వాన వస్తుందా అంటే అవ్వదమ్మా. మెట్రో వేళకి వస్తుందా అంటే అవ్వదమ్మా. (వచ్చిన మెట్రో ఎక్కి, సీటు దొరికి కూర్చున్నాక కూడా ఆ మాట వెనక్కి తీసుకునేవాడు కాదు.) అలాంటి మనిషితో కలిసి నేను ఒక క్రేనుకి క్రమశిక్షణ నేర్పాలి. ట్రాలీ ఎక్కడుంది, ఎంత వేగంతో పోతోంది, తాడు ఎంత ఒరిగింది, ఎంత జోరుగా ఒరుగుతోంది, ఈ నాలుగూ కొలిచి మోటారుకి చెప్పాలి. బరువు ఎటు ఊగితే ట్రాలీ అటే కాస్త జరిగి దాని నెత్తిమీదికి చేరాలి. మాస్టారు శ్రద్ధగా విని, "ఉయ్యాల్లో పిల్లని ఎదురెళ్లి పట్టుకున్నట్టన్నమాట" అన్నాడు. "అంతే మాస్టారూ, అంతే!" అని నేను గెంతాను. "అవ్వదమ్మా" అని ఆయన స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు.

చాలా రోజులు ఆయన మాటే నెగ్గింది. ట్రాలీ ఒకసారి మొండికేసేది, ఒకసారి వెర్రెత్తినట్టు గోడదాకా పరిగెత్తేది. బావూజీకి తొందర, నాకు దురాశ. సంఖ్యల్ని ఎడమకి ఎంత దూరం నెడితే అంత త్వరగా ఊపు చస్తుంది కదా అని, మోటారు మూలిగేదాకా నెట్టాను. ఒక మధ్యాహ్నం ఇసుక బస్తా ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్లి, ఒక్కసారి తలాడించి, నిలబడిపోయింది. మాస్టారు దాని చుట్టూ తిరిగి చూసి, చేత్తో తట్టి చూశాడు. ఏమీ అనలేదు. ఆయన అలా ఊరుకోవడమే నాకు దొరికిన సన్మానం.

అప్పుడు బావూజీకి ఆ ఆలోచన వచ్చింది. "లోహా తో సబ్ దిఖాతే హై, బిటియా. హమ్ చాయ్ పిలాయేంగే!" ఇనుము ఎవరైనా చూపిస్తారు తల్లీ, మనం చాయ్ తాగిద్దాం అని. కొక్కేనికి నాలుగు గొలుసులతో ఒక ఇనుప పలక వేలాడదీసి, దానిమీద నిండు టీ గ్లాసులు పెట్టి, షెడ్డు ఆ చివరినుంచి కొనేవాళ్ల చేతి దగ్గరికి చుక్క ఒలకకుండా తేవాలి. నాకు భయమేసింది గానీ చేసి చూస్తే నిజంగానే వచ్చింది. ఆ వారమంతా షెడ్డులో మిగిలిన పనివాళ్లకి పొద్దునా సాయంత్రం టీ క్రేను మీదే. "మేడమ్‌జీ కీ చాయ్ ఆ రహీ హై" (మేడమ్ గారి టీ వస్తోంది) అని మసిబట్టిన మొహాలన్నీ తలలెత్తి చూసేవి. ఆ చలికాలంలో నాకు గుర్తున్న వెచ్చదనం ఆ వారమే.

చూడటానికి వచ్చినాయన ఘజియాబాద్‌లోని ఒక ఉక్కు కంపెనీలో కొనుగోళ్ల అధికారి. మీగడ రంగు సూటు, మెడకి మఫ్లరు, మొహంలో ఏ భావమూ లేదు. పొగమంచులో కారు దారి తప్పి ఆలస్యంగా వచ్చాడు. బావూజీ ఏం చెప్పినా "అచ్ఛా" అన్న ఒక్క మాటే. ఆయన్ని పసుపు గీత వెనక కుర్చీలో కూర్చోబెట్టారు. మాస్టారు చేతిలో క్రేను బటన్ల పెట్టె, నా ఒళ్లో ల్యాప్‌టాపు. పలక మీద టీ గ్లాసులతోపాటు ఆ రోజు ప్రత్యేకంగా సమోసాలు కూడా. (సమోసాల బరువు నా లెక్కలో లేదు. కానీ జరిగినదానికి వాటిని తప్పుపట్టలేను.)

టీ బయల్దేరింది. పెళ్లికూతురిలా నెమ్మదిగా వచ్చి, ఆయన ముందు ఆగి, ఇంతైనా కదలకుండా నిలబడింది. ఆయన గ్లాసు అందుకుని గుక్కెడు తాగి, మొదటిసారిగా రెండు మాటలన్నాడు: "అచ్ఛా... బఢియా." బాగుందనేసరికి బావూజీ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగే కొంప ముంచింది. ఉత్సాహం పట్టలేక, "మాస్టర్‌జీ, ఊపర్ ఉఠావో! మెషీన్ కే ఊపర్ సే లే జావో!" అన్నాడు. పైకి లేపి, లేతు మెషీను మీదుగా తిప్పి చూపించమని.

పైకి లేపడమంటే తాడు పొట్టి కావడం. మేం ఎప్పుడూ టీ చేతికందే ఎత్తులోనే నడిపాం, పైకి లేపి ఒక్కసారి కూడా చూడలేదు. నా మ్యాట్రిక్స్‌లో తాడు పొడవు ఒక గడిలో ఎప్పుడూ మారని అంకెలా కూర్చుని ఉంది. పొట్టి తాడు త్వరత్వరగా ఊగుతుంది. నా మోటారు మాత్రం పాత తాళానికే అలవాటుపడి ఉంది. ఎదురెళ్లి ఆపాల్సిన చెయ్యి ఆలస్యంగా వస్తే ఏమవుతుంది? ఉయ్యాలని ఇంకాస్త ఊపినట్టవుతుంది. ఇదంతా నా బుర్రలో మెరిసేలోపల పలక పైకి వెళ్లిపోయింది. "సర్, రుకియే" అని ఆపబోయాను. "అరే దేఖ్‌నే దో, బిటియా!" అన్నాడు బావూజీ, చూడనివ్వమని.

పలక చిన్నగా అటు ఒరిగింది. ట్రాలీ దాన్ని పట్టుకోబోయింది. పలక ఇటు ఇంకాస్త ఎక్కువ ఒరిగింది. ట్రాలీ ఇంకాస్త ఆత్రంగా ఇటు పరిగెత్తింది. ఒకరినొకరు ఓదార్చుకోబోయి ఇద్దరూ ఏడుపు పెంచుకున్నట్టు తయారైంది వ్యవహారం. హిందీ, ఇంగ్లీషు రెండూ నన్ను వదిలి వెళ్లిపోయాయి. లేచి నిలబడి, "కుడికొచ్చేసింది మాస్టారూ! కుడికొచ్చేసింది!" అని తెలుగులో గావుకేక పెట్టాను. నేనన్నది సున్నాకి కుడిపక్క. మాస్టారు పాపం తన కుడివైపు చూశాడు. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. బావూజీ కూడా గోడవైపే చూశాడు. అప్పటికి పలక ఊపు పసుపు గీత దాటింది. మాస్టారు ఎర్ర బటన్ నొక్కాడు. ట్రాలీ టక్కున ఆగింది. ట్రాలీ ఆగితే బరువు ఆగదు కదా, అందుకే కదా నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది! పలక ఆఖరుగా ఒక్క విసురు విసిరి, తనమీద ఉన్నవన్నీ ఆ మీగడ రంగు సూటుకి సమర్పించుకుంది.

అదృష్టం ఏమిటంటే, ఆ చలికి టీ అప్పటికే చల్లారిపోయింది. ఎవరికీ కాలలేదు. గ్లాసులు నేలమీద పగిలిన చప్పుడు ఆగాక చూస్తే, ఆయన అలాగే కూర్చుని ఉన్నాడు. మఫ్లరు మడతలో ఒక సమోసా, ఎవరో జాగ్రత్తగా పెట్టినట్టు నిలబడి ఉంది. ఆయన దాన్ని తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలో పట్టుకుని, చివరికి బావూజీకి అందించాడు. బావూజీ రెండు చేతులా అందుకున్నాడు. "అచ్ఛా" అని ఆయన లేచి వెళ్లిపోయాడు. కారు శబ్దం పొగమంచులో కలిసిపోయింది. బావూజీ ఆ సమోసాతోనే తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

పనివాళ్లు ఇళ్లకి వెళ్లిపోయారు. నేనూ మాస్టారూ నేలమీద కూర్చుని గాజుపెంకులు ఏరడం మొదలుపెట్టాం. నాకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఉన్నట్టుండి ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అని తలెత్తాను. నవ్వుతున్నాడు. నేను ఆయన నవ్వు చూడటం అదే మొదలు. "సమోసా ఎక్కడికెళ్లి కూకుందో సూసేవా అమ్మా?" అని, మాట పూర్తిచేయలేక పొట్ట పట్టుకున్నాడు. అంతలోనే ఆ నవ్వు ఎవరో స్విచ్ తీసినట్టు ఆగిపోయింది. చేతిలోని పెంకుల్ని చూస్తూ, "మీ ఆంటీ ఉండుంటే ఇంటికెళ్లగానే సెప్పేవోణ్ణి. పడీ పడీ నవ్వేది. ఇప్పుడు ఎవరికి సెప్తాను, సెప్పు" అన్నాడు.

ఏ మ్యాట్రిక్స్‌లోనూ రాయడానికి వీల్లేని మాట అది. ఎందుకన్నానో తెలియదు గానీ, "నాకు చెప్పండి మాస్టారూ. ఇవాళ ఫ్యాక్టరీలో ఏమైంది?" అన్నాను. ఆయన నావైపు వింతగా చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని చెప్పాడు. పొద్దున పొగమంచు దగ్గర్నుంచి, కారు దారి తప్పడం, మీగడ రంగు సూటు, "ఆ పిచ్చిపిల్ల కుడికొచ్చేసిందని కేకేస్తే నాను గోడేపు సూసేను" దాకా, ఒక్కటీ వదలకుండా, చేతులు తిప్పుతూ చెప్పాడు. నేనేమీ తెలియనిదానిలా "అయ్యో", "తర్వాత?" అంటూ విన్నాను. సమోసా దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత మళ్లీ పెంకులు ఏరాం.

మెట్రోలో కూర్చుని లెక్క తిరగేస్తే కనిపించింది. తాడు పొట్టి చేసిన కొద్దీ నాలుగు సంఖ్యల్లో రెండు మెల్లగా జరిగి జరిగి, సున్నా దాటి కుడిపక్కన పిసరంత దూరంలో నిలబడ్డాయి. ఆ పిసరే ఒక షెడ్డునీ, అందులో మనుషుల్నీ కిందికి తోసేసింది. తాడు పొడవుని కూడా కొలుస్తూ, పొడవు మారినప్పుడల్లా మోటారుకిచ్చే ఆజ్ఞలు మార్చాలి. అంత సులువైన సంగతి. ఆ వారమంతా నేనూ మాస్టారూ ఎవరూ అడక్కపోయినా ఆ పని చేశాం. ఈలోగా బావూజీ కొడుకు గోడౌనువాళ్లని వెంటబెట్టుకొచ్చి షెడ్డు కొలతలు తీయించాడు. వాళ్లు మా పలక కిందనుంచి టేపు లాగుతూ, "యే హటేగా నా?" అని అడిగారు. తీసేస్తాం అన్నాడు కొడుకు.

ఖాళీ చేసే ముందురోజు బావూజీని పిలిచాం. మళ్లీ టీ పెట్టాం, ఈసారి మూడే గ్లాసులు. పలక నేల దగ్గర బయల్దేరింది. మాస్టారు దాన్ని దారిలో పైకి లేపాడు, దింపాడు, లేతు మెషీను తీసేసిన ఖాళీ జాగా మీదుగా పైకప్పు తగిలేంత ఎత్తుకి తీసుకెళ్లాడు. టీ మీది మీగడ కూడా చెదరలేదు. అది మా ముందుకొచ్చి దిగి నిలబడింది. ముగ్గురం తలో గ్లాసు తీసుకుని, ఖాళీ షెడ్డులో నిలబడి తాగాం. బావూజీ తాగడం పూర్తిచేసి, "ఏక్ హఫ్తా పెహలే..." అన్నాడు. ఒక్క వారం ముందు అని. ఆ వాక్యం పూర్తిచేయకుండా గ్లాసు పలకమీద పెట్టి, కంట్రోలర్ పెట్టెని విప్పించి నా చేతికిచ్చాడు. గోడౌనులో దానికి పనిలేదన్నాడు. మాస్టారు గేటుదాకా వచ్చాడు. మరుసటి వారం కూతురి దగ్గరికి పుణె వెళ్లిపోతున్నానని చెప్పి, "జాగర్తమ్మా" అని వెనక్కి తిరిగాడు. ఆయన నడకలో తొందర లేదు.

మెట్రో స్టేషనులో తనిఖీ దగ్గర నా పెట్టెని ఆపేశారు. వైర్లు వేలాడుతున్న ఇనుపపెట్టెని చూస్తే ఎవరికైనా అనుమానమే. డ్యూటీలో ఉన్న దీదీ "యే క్యా హై?" అని అడిగింది. "ఝూల్‌నా రోక్‌తా హై" అన్నాను. ఊగడం ఆపుతుందని. "కిస్‌కా?" అందామె. వేలాడే దేనిదైనా, తాడు ఎంత పొడుగున్నా సరే, అని నేను ఎంతో సీరియస్‌గా వివరించడం మొదలుపెట్టాను. వెనక వరసలో జనం గొణుగుతున్నారు. ఆమె నా మొహంలోకి చూసింది. ఏం కనిపించిందో, చెయ్యి ఊపి, "ఠీక్ హై, జావో బేటా. పెహలే ఆఁసూ పోంఛ్ లో" అంది. వెళ్లు, ముందు కన్నీళ్లు తుడుచుకో అని. ఏడుస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడు గురుగ్రామ్‌లో అద్దాల ఆఫీసులో కూర్చుని ఇలాంటి పెట్టెలే చేస్తున్నాను. వాటిని కొనేవాళ్లూ ఉన్నారు. అప్పుడప్పుడు చలికాలం సాయంత్రాల్లో మెట్రో ఎక్కితే, లేడీస్ బోగీలో ఓ మూల సీటులో అప్పటి ఆ పిల్ల కనిపిస్తుంది, ఒళ్లో ఇనుపపెట్టెని పసిబిడ్డలా పట్టుకుని. పక్కన కూర్చుని, అన్నీ సర్దుకుంటాయిలే అమ్మాయీ అని చెప్పాలనిపిస్తుంది. చెప్పను. ఆ పిల్ల సంగతి నాకు తెలుసు. కళ్లు తుడుచుకుని, "ఎంతసేపట్లో?" అని లెక్క అడుగుతుంది.